భయమను వారసత్వము



ఆస్తి యున్నను లేకున్నను, మనము పిల్లలకు తప్పక సంక్రమింపజేయునది మన భయము.

అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1985లో ఒక పరీక్షను ప్రకటించిరి. గాజుపలక క్రింద చిన్న పల్లము కనబడునట్లు అమర్చి, ఏడాది పిల్లలను దానిపై విడిచిరి. ఆవలి అంచున తల్లి నవ్వు ముఖముతో ఉన్నపుడు 19 మందిలో 14 మంది దాటిరి. ఆమె ముఖమున భయము కనబరచినపుడు 17 మందిలో ఒక్కరును దాటలేదు. తల్లి పలుకలేదు; బిడ్డ ముఖమునే చదివినది.

బదిలీ ఉత్తర్వు అనిన నేమో మీకు వేరుగ చెప్పనక్కరలేదు. అది అందిన సాయంకాలము నేను నోరు మెదపక అన్నము ముందు కూర్చుంటిని. ఎనిమిదేండ్ల మా అమ్మాయి, "నాన్నా, మనకేమవుతుంది?" అని అడిగినది. నా దాపరికమే దానిని భయపెట్టినది.

అప్పుడు మా అమ్మమ్మ జ్ఞాపకము వచ్చినది. ఉరిమినపుడు ఆమెయు ఉలికిపడెడిది. కాని మమ్ము దగ్గరకు తీసికొని అర్జునుని పేర్లు చెప్పించెడిది. భయమును దాచలేదు, భయము వేసినపుడు చేయవలసినది నేర్పినది.

"నాకును బెరుకుగనే ఉన్నదమ్మా" అని ఒప్పుకొంటిని. ఆ రాత్రియే భారతదేశ పటము పరచి, మేము పోవలసిన ఊరును దానినే వెదకుమంటిని.