మిట్టకు తగిన గేరు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో గావించిన ప్రసంగపాఠము)



నేడు మీతో సైకిలును గురించి, అందును దాని పండ్లచక్రములను గురించి నాలుగు మాటలు మనవి చేయదలచితిమి. ఇది మెకానిక్కు చూచుకొనవలసిన పని గదా, పంచాయతీకేల అని మీకు తోచవచ్చును. కారణము చెప్పెదము.

మిట్టప్రాంతపు గ్రామములలో పర్యటించునపుడు ఒక దృశ్యము పలుమారులు మా కంటబడినది. ఉదయము ఉన్నత పాఠశాలకు బయలుదేరిన బాలికలు చదునుబాటలో చక్కగా తొక్కుచు పోవుదురు. మిట్ట మొదలుకాగానే దిగి, బండిని త్రోసికొనుచు నడచెదరు. బడికి ఆలస్యమగును, ఒడలు అలసిపోవును. ఇట్లు కొన్నాళ్లు జరిగినచో సైకిలు గోడకు చేరును. బడి దూరమైనచో చదువును దానితోనే ఆగిపోవచ్చును. ఇందు తప్పు బాలిక కాళ్లది కాదు. బండికి అమర్చిన పండ్లది.

గేరు అనగా ఏమి? పెడలు వద్దనున్న పెద్ద చక్రపు పండ్లను, వెనుక ఫ్రీవీలు పండ్లతో భాగింపుడు. ముందు 44, వెనుక 18 ఉన్నచో, పెడలు ఒక చుట్టు తిరుగునప్పటికి వెనుక చక్రము సుమారు రెండున్నర చుట్లు తిరుగును. ఇరువదియెనిమిది అంగుళముల చక్రము ఒక చుట్టుకు దాదాపు 2.2 మీటర్లు సాగును గనుక, బండి సుమారు 5.4 మీటర్లు ముందుకు పోవును. వెనుక 18కి బదులు 22 పండ్ల ఫ్రీవీలు బిగించినచో 4.4 మీటర్లే పోవును. కాని అదే మిట్టపై తొక్కవలసిన బలము దాదాపు అయిదవ వంతు తగ్గును. గడ్డపారతో బండను పెకలించునపుడు పిడి ఎంత దూరము కదలిన బండ అంత సులభముగా లేచును గదా! ఇదియు అట్టిదే. బలము కలిసివచ్చిన మేర దూరము తగ్గును.

నష్టమెంత? నిమిషమునకు 60 చుట్లు తొక్కువారు మొదటి అమరికతో గంటకు 19 కిలోమీటర్లు, రెండవదానితో 16 కిలోమీటర్లు పోగలరు. ఆరు కిలోమీటర్ల చదునుబాటలో తేడా నాలుగు నిమిషములు మాత్రమే. మిట్టపై దిగి నడచుటచే పోవు కాలము అంతకు మించవచ్చును.

తేలికపాటి గేరు బలహీనులకే అను అపోహ కొందరికి గలదు. ఇది నేటిది కాదు. ఫ్రాన్సు దేశమున సెంటెటియెన్ పట్టణవాసి పాల్ ద వివీ, 'వెలోసియో' అను కలము పేరుతో, దూరయాత్రలకు పలు గేర్లు అవసరమని ఏండ్ల తరబడి వాదించెను. అయినను 1903లో ఆరంభమైన టూర్ ద ఫ్రాన్స్ పందెములో గేరు మార్చు డిరైలర్ యంత్రమును ప్రధాన పోటీదారులకు 1937లోగాని అనుమతింపలేదు. అంతవరకు వారు కొండ దాపునకు రాగానే దిగి, వెనుక చక్రమును విప్పి, త్రిప్పి బిగించుకొనెడివారు. నేడు పందెగాండ్రును కొండలకు తేలిక గేర్లనే కోరుచున్నారు. సామానుతో దూరయాత్ర చేయువారు ముందు పండ్లకన్న వెనుక పండ్లే ఎక్కువగా నుండు అమరికను సయితము వాడుచున్నారు.

కావున గ్రామమునకై సైకిళ్లు కొనునపుడు గాని, దాతలు ఇచ్చునపుడు గాని రంగును, గేర్ల సంఖ్యను చూచి మోసపోకుడు. ఇరువదియొక్క గేర్లున్న బండిలో అనేకము ఇంచుమించు ఒకదానివంటివే అగును. చూడవలసినది అన్నిటికన్న తేలికైన గేరు మీ ఊరి మిట్టను ఎక్కించునా లేదా అనునదే. పరీక్ష సులభము: పుస్తకముల సంచితో ఒక బాలికను ఊరి పెద్ద మిట్టపై తొక్కనిండు. సగములో దిగవలసివచ్చినచో ఆ గేరు ఆ బాటకు పనికిరాదు.

చదునైన డెల్టా గ్రామములలో 18 పండ్ల ఫ్రీవీలు చాలును. అంతకన్న తేలికైనచో కాళ్లు ఊరక తిరుగును. మిట్టలున్నచోట, పాలక్యానులు, ధాన్యపు బస్తాలు మోయుచోట 20 గాని 22 గాని మేలు. కొండబాటలకు పలు గేర్ల బండి కావలెను; కాని దుమ్ము తుడిచి, తీగను సరిచేయగల మెకానిక్కు చేరువలో నుండవలెను. ఫ్రీవీలు మార్చునపుడు చైనుకు ఒక లంకె చేర్చవలసి రావచ్చును. అరిగిన చైనును క్రొత్త ఫ్రీవీలుపై వేయింపరాదు. సీటు ఎత్తును సరిచూడుడు: పెడలు అడుగునకు వచ్చినపుడు మోకాలు కొంచెము మాత్రమే వంగియుండవలెను. మిట్ట ఎక్కిన బండి దిగవలసియుండును గనుక బ్రేకులను మరువకుడు.

సభ్యులారా! ఊరికి బాట వేయించితిమని మనము సంతసింతుము. ఆ బాటపై బాలిక దిగకుండ బడి చేరినపుడే ఆ సంతోషము సార్థకము. మీరు తిరిగి వెళ్లిన పిదప ఊరిలోని సైకిళ్ల పండ్లను ఒకమారు లెక్కించి చూడుడని మా మనవి.