విడిపించే బంధువు: శిష్యత్వం, సంఘం, మన జాతి



విమోచన అనే మాట ప్రతి ఆదివారం వింటాం. పాపం నుండి విడుదల అని అర్థం చెప్పుకుంటాం. అది నిజమే. అయితే లేవీయకాండం 25వ అధ్యాయం తీసి చూడండి. ఒకడు పేదవాడై భూమి అమ్ముకుంటే దగ్గరి బంధువు వచ్చి దాన్ని విడిపించాలి. అప్పుల్లో పడి తననే అమ్ముకున్నా, బంధువు అతణ్ణి విడిపించవచ్చు. రూతు కథలో బోయజు అలాంటి బంధువే. అంటే విమోచనలో మొదటి నుండీ పొలం ఉంది, అప్పు ఉంది, బంధుత్వం ఉంది. ఏజెన్సీలో పుట్టిన మనకు ఈ సంగతి వేరే విడమర్చి చెప్పనక్కర్లేదు.

క్రీస్తు మనకు అలాంటి బంధువైతే, ఆయన శిష్యులు ఊరికి ఏమవ్వాలి? సంఘం ముందున్న ప్రశ్న ఇదే.

గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో 19వ శతాబ్దంలోనే కోయల మధ్య సువార్త పని మొదలైంది. అక్కడ పనిచేసిన జాన్ కెయిన్ కోయ భాష నేర్చుకున్నాడు. లూకా సువార్త కోయలో అచ్చయింది. మరి నేడు మన ఆరాధనలో కోయ ఎంత వినిపిస్తోంది? పెంతెకొస్తు నాడు ఎవరి భాషలో వారు విన్నారు. అన్యులు ముందుగా యూదులు కానక్కర్లేదని యెరూషలేములో అపొస్తలులు తీర్మానించారు. కాబట్టి శిష్యుడయ్యేందుకు మన భాషనూ, డోలునూ గుమ్మం బయట వదిలి రానక్కర్లేదు.

"క్రైస్తవులైతే ఆదివాసులు కారు" అనే మాట మనకు వినిపిస్తూనే ఉంటుంది. షెడ్యూల్డ్ తెగలపై 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మతాన్ని షరతుగా పెట్టలేదు. కానీ కాగితం ఒక్కటే చాలదు. పక్కింటివారు వేల్పును కొలుస్తారు, మనం క్రీస్తును ఆరాధిస్తాం. ఆ కారణంగా వారి ఇంట చావుకు మనం వెళ్లకపోతే, తెగను చీల్చినవాళ్లం మనమే అవుతాం.

ఇక భూమి సంగతి. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి వెళ్లకూడదు. అయినా బినామీగా వెళ్తోంది. ఆ కాగితం మీద ఉండేది మనవాడి పేరే. సువార్త విన్న చేతితో అలాంటి సంతకం పెట్టకపోవడం శిష్యత్వం. ఆ సంతకానికి తోసిన అప్పును నలుగురూ కలిసి తీర్చడం సంఘం పని.

అందుకే యువతను మేము కోరేది ఇది. బైబిలు తరగతితో పాటు 1996 పెసా చట్టాన్ని, 2006 అటవీ హక్కుల చట్టాన్ని కూడా చదవండి. గ్రామసభకు వెళ్లండి. సారా మానలేనివాణ్ణి వెలివేయకండి, వెంట ఉండండి. కానుకలో కొంత భాగాన్ని ఆపదలో ఉన్న కుటుంబానికి తీసిపెట్టమని పెద్దలను అడగండి. ఆ కుటుంబం చర్చికి వస్తుందా రాదా అని మాత్రం అడగకండి. బోయజు పొలంలో పరిగె ఏరుకున్నది పరాయి దేశపు పిల్లే.