గుండె లయ – వైద్యుల ప్రత్యేక శిక్షణము

నెమ్మదిగ కూర్చున్న మనుష్యుని గుండె నిమిషమునకు 60 మొదలు 100 పర్యాయముల వరకు కొట్టుకొనును. దినము మొత్తము మీద లెక్కించిన నిది ఇంచుమించు 1,00,000 అగును. ఈ పనికి ఆజ్ఞ మెదడునుండి వచ్చునని చాలమంది తలంతురు. అట్లు గాదు. మెదడు వేగమును పెంపగలదు, తగ్గింపగలదు, అంతియే. తొలి విద్యుత్ప్రేరణ గుండెలోనే, కుడివైపు పై గదిలో, సులభముగ కంటికి ఆనని యొక చిన్న ముడియందు పుట్టును. అది పై గదులయందు వ్యాపించి, నడుమనున్న రెండవ ముడియొద్ద సెకండులో పదియవ వంతు కాలము నిలిచి, ఆ తరువాతనే క్రింది గదులకు దిగును. ఆ నిలుకడ లేకున్నచో పై గదులలోని రక్తము పూర్తిగ చేరకముందే క్రింది గదులు ముడుచుకొనును.

ఈ త్రోవలో అడ్డము వచ్చినను, పుట్టుకతోనే వేరొక దొంగదారి యేర్పడినను గుండె లయ తప్పును. ఒకరికి నిమిషమునకు 30 మాత్రమే కొట్టి కన్నులు తిరుగును. ఇంకొకరికి 200 కొట్టి ప్రాణము గొంతునకు వచ్చినట్లుండును. మన పూర్వవైద్యులు నాడిని పట్టి చూచి పాము నడక, కప్ప గంతు, హంస నడక యని పోల్చి చెప్పిరి. శార్ఙ్గధరసంహితలో ఈ పోలికలు కలవు. వేలికొనకు తెలిసినంతవరకు ఆ పరిశీలనము గొప్పదే. కాని ఆ కప్ప గంతు గుండెలో ఏ చోట పుట్టెనో వేలు చెప్పజాలదు. ఆ చోటు తెలిసికొని, అచ్చటనే దానిని అణచ నేర్చిన వైద్యులను గూర్చియే నేటి ప్రసంగము. వారిని ఆంగ్లమున ఎలెక్ట్రోఫిజియాలజిస్టు లందురు. పేరు నోరు తిరుగనిది; లయవైద్యులని మేము వాడుకొందుము.

ఈ విద్య మొదటినుండియు శిష్యుల విద్య. 1903లో సునావో తవారా అను జపాను యువకుడు జర్మనీలోని మార్బర్గు నగరమునకు పోయి, ఆషోఫ్ అను ఆచార్యునియొద్ద చేరెను. గుండెలను పలుచని పొరలుగ కోసి సూక్ష్మదర్శినిలో చూచుచు మూడేండ్లు గడపి, 1906లో నడిమి ముడిని లోకమునకు చూపెను. ఆ గ్రంథమును చదివిన ఆర్థర్ కీత్ ఇంగ్లండులో అదే పని చేపట్టగా, ఆయన వెంటనున్న మార్టిన్ ఫ్లాక్ అను వైద్యవిద్యార్థి, నేలలో బొరియలు త్రవ్వు మోల్ అను చిన్న జంతువు గుండెలో పై ముడిని కనుగొనెను. 1907లో ఇరువురి పేరను ఆ సంగతి ప్రకటితమయ్యెను. ఒకరు పరదేశమునుండి వచ్చిన శిష్యుడు. మరియొకరు పట్టము పుచ్చుకొనని విద్యార్థి.

హాలెండులో ఐంతోవెన్ గుండె విద్యుత్తును కాగితముపై గీతగ వ్రాయు యంత్రమును నిర్మించి 1924లో నోబెల్ బహుమానము పొందెను. నేడు మన తాలూకా ఆసుపత్రులలో గూడ తీయు ఇ.సి.జి. దాని సంతానమే. అయితే అది చర్మముపైనుండి విను మాట. లోపలికి పోయి వినుట తరువాత వచ్చెను. సిరలోనుండి సన్నని తీగను గుండెలోనికి పంపి, రెండు ముడులకు దిగువనున్న విద్యుత్తంతువు పలుకును గుర్తించు పద్ధతిని షెర్లాగ్, ఆయన తోటివారు 1969లో ప్రకటించిరి. 1981లో శాన్ ఫ్రాన్సిస్కోలో స్కైన్‌మన్ రొమ్ము కోయకయే, అట్టి తీగ ద్వారమున విద్యుద్ఘాతమిచ్చి గుండెలోని యొక చోటును కాల్చెను. ఘాతము మోటు సాధనము. కొన్ని యేండ్లకే దాని స్థానమున మృదువైన విద్యుత్తు వచ్చెను. దాని పౌనఃపున్యము సుమారు 500 కిలోహెర్ట్జులు. మన రేడియోలలో మధ్యతరంగముల కొలత 531 కిలోహెర్ట్జుల యొద్ద మొదలగునని యెరిగిన శ్రోతలకు, ఈ వైద్యులు మా యిరుగుపొరుగువారేయని తోచిన తోచవచ్చును.

మందులతో అణచి పెట్టుటయే యున్నంతకాలము వేరు శిక్షణము అంతగ కావలసినది కాదు. వ్యాధిని మొదలంట తీసివేయు మార్గము దొరకినతోడనే, దానిని చేయు చేతిని తీర్చిదిద్దవలసి వచ్చెను. అమెరికాలోని ఇంటర్నల్ మెడిసిన్ బోర్డు 1992లో ఈ శాఖకు ప్రత్యేక పరీక్ష నెలకొల్పెను. అచ్చట కళాశాల చదువు 4 సంవత్సరములు, వైద్యకళాశాల 4, సాధారణ వైద్యము 3, హృద్రోగశాస్త్రము 3 పూర్తియైన పిదప లయవైద్యమునకు మరి 2 సంవత్సరములు. మన దేశమున ఎం.బి.బి.ఎస్.కు హౌస్‌సర్జనుగ పనిచేయు ఏడాదితో కలిపి అయిదున్నర, ఎం.డి. 3, డి.ఎం. 3, ఆపైన నిది. తిరువనంతపురమునందలి శ్రీచిత్ర తిరుణాళ్ సంస్థ, మన చిత్తూరువారు బండి కట్టి పోయినంత సులువుగ పోవు వేలూరు క్రైస్తవ వైద్యకళాశాల వంటి చోట్ల డి.ఎం. తరువాతి ఇట్టి ఫెలోషిప్పు శిక్షణము కలదు. అప్పటికి అభ్యర్థి ముప్పదియేండ్లు దాటియుండును. తోడి విద్యార్థులు ఆసుపత్రులు పెట్టుకొని యిండ్లు కట్టుచుండగా, “ఇంకను చదువేనా నాయనా?” యని తల్లి యడుగుట సహజము. సమాధానమునకు ఆమెను శిక్షణశాలలోనికి తీసికొనిపోవలెను.

అచ్చట మొదటి మాసములు శిష్యుని చేతికి తీగ యీయరు. అద్దపు గదిలో తెరల ముందు కూర్చుండబెట్టుదురు. గుండెలోని వేర్వేరు తావులనుండి వచ్చు గీతలు ఒకదాని క్రింద నొకటి పరుగిడుచుండును. ఏది ముందు, ఏది వెనుక అని సెకండులో వేయియవ వంతుల లెక్కన చదువవలెను. పిమ్మట గుండెకు బయటినుండి మెల్లని ప్రేరణల నిచ్చి, రోగిని బాధించు దడను బుద్ధిపూర్వకముగ పుట్టింతురు. పుట్టనిదే దాని జాడ తెలియదు. పుట్టించినదానిని ఆపుటయు అతడే నేర్వవలెను. గజ్జలోని సిరకు సూది వేయుట, తీగను నిలుపుట తరువాతి మెట్లు. కాల్చుట అన్నిటికిని పిమ్మట, గురువు ప్రక్కన నిలువబడి యుండగా.

ఒక యుదాహరణము చెప్పుదుము. దడతో వచ్చు యువతులలో చాలమందికి నడిమి ముడి చెంత రెండు దారులుండును. విద్యుత్తు ఒకదానిలో దిగి రెండవదానిలో ఎక్కి గానుగవలె తిరుగును. వీరికి భయమో, మనోవ్యాధియో యని చెప్పి యేండ్ల తరబడి నిద్రమందు లిచ్చిన సందర్భములు లోకమున తక్కువ కావు. మందగమనపు దారిని కాల్చినచో జబ్బు తీరును. కాని కాల్చవలసిన చోటునకును, కాల్చరాని ముడికిని నడుమ దూరము కొన్ని మిల్లీమీటర్లు. గుండె యేమో నిలువక కదలుచుండును. ముడి కాలినచో ఇరువదియేండ్ల పిల్ల జీవితాంతము పేస్‌మేకరుతో బ్రదుకవలెను. నేర్పరులచేత నిట్టిది నూటికి ఒకరికన్న తక్కువమందికే జరుగును. ఆ తక్కువకు కారణము శిష్యుని కాలు. విద్యుత్తు నడచుచుండగా తెరపై ఒక్క కొట్టు తప్పినను పాదము క్రిందనున్న మీట విడువవలెను. ఆలోచించి విడుచుటకు వ్యవధి యుండదు. ఈ యభ్యాసము పుస్తకమున రాదు. గుండెగోడకు రంధ్రము పడి చుట్టునున్న సంచిలో రక్తము నిండినచో సూదితో తీయుటయు అట్టిదే. అరుదుగ వచ్చును, వచ్చినప్పుడు నిమిషములే యుండును.

చేతిపని కన్న కష్టమైనది చేయవద్దని నిర్ణయించుట. వయసు మళ్లినవారి అస్తవ్యస్తపు లయలో కొందరికి కాల్చుటకన్న పక్షవాతము రాకుండ రక్తము గడ్డకట్టని మందులే ముఖ్యము. కొన్ని కుటుంబములలో వంశపారంపర్యముగ లయదోషముండును. కావున శిష్యునికి వంశవృక్షము వ్రాయుట నేర్పుదురు. ఈత వచ్చియు నీట మునిగిన మేనమామ, పరుగులో కూలిన అన్న, ఇట్టివారి మాట ఇంటివారు తమంతట చెప్పరు. అడిగి రాబట్టవలెను. అడుగువారు మన దేశమున మిక్కిలి కొద్దిమందియనుటయే మాకు విచారము. దడ వచ్చిన వేళలోనే సమీపమున ఇ.సి.జి. తీయించి, ఆ కాగితమును ఇంట భద్రపరచినచో, దూరపు నగరమున వీరిని చూడబోవునాడు సగము పని తీరును. దడ తగ్గిన పిదప తీసిన కాగితములో పెక్కుసారులు ఏమియు కనబడదు.

శిక్షణములో కడపటి భాగము తీగలతో సంబంధించినది గాదు. ప్రాణాపాయకరమైన లయ వచ్చినప్పుడు లోపలినుండియే ఘాతమిచ్చి రక్షించు యంత్రమును 1980లో మొదటిసారి మనుష్యునికి అమర్చిరి. మిరోవ్‌స్కీ దానికై పట్టుపట్టి పనిచేసిన వైద్యుడు. ఆ యంత్రము వేలమందిని బ్రదికించినది. అయితే యంత్రము గలవారు కాన్సరుతోనో, వార్ధక్యముతోనో తుదిశ్వాసకు వచ్చినప్పుడు, అది మృత్యువును గుర్తింపక ఘాతముల నిచ్చుచునే యుండవచ్చును. కోయకయే, పైనుండియే ఆ ఘాతములను మాన్పవచ్చును. నెమ్మదిగ కొట్టు గుండెకు తోడుపడు భాగమును అట్లే యుంచవచ్చును. ఈ సంగతి ముందుగనే రోగితోను, ఇంటివారితోను చెప్పవలెను. గురువులు శిష్యుని వెంటబెట్టుకొని పోయి, ప్రక్క కుర్చీలో కూర్చుండబెట్టి విననిత్తురు. కొన్ని మారులు విన్న పిదప, ఒకనాడు మాట మొదలిడుట శిష్యుని వంతగును.