స్వేచ్ఛ కోసం వచ్చి... ఉరి తీశారు!

ప్యూరిటన్లు మత స్వేచ్ఛ కోసం ఇంగ్లండ్ వదిలి అమెరికా వెళ్లారని చదువుకున్నాం కదా. నిజమే. కానీ ఎవరి స్వేచ్ఛ?

1630లో జాన్ విన్‌త్రోప్ వెంట వచ్చి బోస్టన్ కట్టుకున్నారు. ఎవరికి మోక్షమో మనం పుట్టకముందే దేవుడు డిసైడ్ చేసేశాడని వాళ్ల నమ్మకం. మా పాత ఆఫీసులో అప్రైజల్ లాగా, రేటింగ్ ముందే ఫిక్స్! ఇంకో భయం కూడా ఉండేది: ఒకడు తప్పు చేస్తే దేవుడి కోపం ఊరందరి మీదా పడుతుందని. అందుకే వేరే మాట చెప్పినవాళ్లని బతకనివ్వలేదు. రోజర్ విలియమ్స్‌ని వెళ్లగొట్టారు. 1636లో ఆయన వేరే ఊరే పెట్టుకున్నాడు, అదే ప్రావిడెన్స్.

మేరీ డయ్యర్ అలా పోలేదు. ఆవిడ క్వేకర్. ప్రతి మనిషిలోనూ దేవుడి వెలుగు ఉంటుందనేవాళ్లు వీళ్లు. క్వేకర్లు బోస్టన్‌కి తిరిగొస్తే మరణశిక్షే అని చట్టం చేశారు. 1659లో ఆవిడ కళ్లముందే ఇద్దరు తోటి క్వేకర్లని ఉరి తీసి, ఆవిడని మాత్రం చివరి నిమిషంలో దింపేసి పంపించేశారు.

నేనైతే మళ్లీ అటువైపు చూసేవాణ్ణే కాదు. ఆవిడ మరుసటేడు తిరిగొచ్చింది, ఆ చట్టం తప్పని చెప్పడానికే. వెళ్లిపోతానంటే వదిలేస్తామన్నారు. అనలేదు. 1660 జూన్ 1న ఉరి తీశారు.

ఇప్పుడు బోస్టన్‌లో, మసాచుసెట్స్ స్టేట్ హౌస్ ముందు ఆవిడ విగ్రహం ఉంది.