ఊరూ పేరూ ఉన్న పేజీ

వేదిక మీదున్న ప్రిన్సిపాల్ గారికీ, అధ్యాపకులకూ, పొద్దున్నే జీపులెక్కి కొండలు దిగి వచ్చిన తల్లిదండ్రులకూ నమస్కారం. పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ అభినందనలు.

నేను వెబ్‌సైట్లు తయారుచేసి బతికే మనిషిని. దేశ భవిష్యత్తు గురించి చెప్పేంతటివాణ్ని కాదు. నా పనిలో ఈమధ్య వచ్చిన ఒక మార్పు గురించి మాత్రం చెబుతాను. క్లాడ్ కోడ్, కర్సర్, కోపైలట్ లాంటి ఏఐ పనిముట్లు వచ్చాక, ఏం కావాలో మామూలు మాటల్లో చెబితే చాలు, కోడ్ అవే రాసిపెడుతున్నాయి. 2025 ఫిబ్రవరిలో ఏఐ పరిశోధకుడు ఆండ్రే కర్పాతీ దీనికి 'వైబ్ కోడింగ్' అని పేరు పెట్టాడు. పేరు సంగతి ఎలా ఉన్నా, కంప్యూటర్స్ చదివినవాళ్లకే కాదు, బీఏ తెలుగు చదివినవాళ్లకీ వెబ్‌సైట్ కట్టడం ఇప్పుడు అందుబాటులోకి వచ్చింది. నన్నడిగితే బీఏ వాళ్లదే కాస్త పైచేయి. ఎందుకో మీకే తెలుస్తుంది.

'అరకు కాఫీ అమ్మే రైతు సంఘానికి వెబ్‌సైట్ చేసిపెట్టు' అని ఒక్క వాక్యం ఇచ్చి చూడండి. నిమిషాల్లో పేజీ వచ్చేస్తుంది. పైన ఊదాలోంచి నీలంలోకి జారే గ్రేడియంట్ రంగు, కాకపోతే ముదురు గోధుమరంగు మీద పొగలు కక్కే కప్పు. నడిమధ్యన పెద్ద శీర్షిక, దాని కింద గుండ్రటి మూలల బటన్లు రెండు. ఇంకాస్త కిందికి జరిపితే మూడు పెట్టెలు: నాణ్యత, నమ్మకం, సంప్రదాయం. ఒక్కోదాని నెత్తిన ఒక ఎమోజీ. వంక పెట్టడానికేమీ ఉండదు. కానీ అరకు తీసేసి కూర్గ్ అని రాసినా, కాఫీ తీసేసి బీమా పాలసీ అని రాసినా ఆ పేజీ అంతే చక్కగా సరిపోతుంది. అసలు వంక అదే.

ఈ మోడళ్లు ఇంటర్నెట్‌లోని లెక్కలేనన్ని పేజీలు చూసి నేర్చుకున్నాయి. మనం ఏమీ చెప్పకుండా వదిలేసిన ప్రతిచోటా, అవి ఎక్కువసార్లు చూసినదాన్నే తెచ్చి పెడతాయి. ఊదారంగు కథ తమాషాగా ఉంటుంది. వెబ్ పేజీల రూపం దిద్దే టెయిల్‌విండ్ అనే పనిముట్టు తయారుచేసిన ఆడమ్ వాథన్, తన నమూనా బటన్లకి ఇండిగో రంగు వేశాడు. వాడినవాళ్లలో చాలామంది ఆ రంగు మార్చే శ్రమ తీసుకోలేదు. ఆ పేజీలన్నీ ఏఐ చదువులో కలిశాయి. చివరికి 2025లో ఆయనే, ప్రపంచంలో ఏఐ చేసిన ప్రతి పేజీ ఇండిగో రంగులోకి తిరగడానికి కారణం తనేనంటూ సరదాగా క్షమాపణ చెప్పుకున్నాడు.

ఈ అరకు కొండల్లో పుట్టినవాళ్లకి ఇలా సగటులో కలిసిపోవడం కొత్త సంగతి కాదు. ఇక్కడి కాఫీ ఏళ్ల తరబడి దళారి బస్తాలో పడి, ఎక్కడెక్కడి గింజలతోనో కలిసి, ఊరూ పేరూ లేకుండా పోయేది. అరకు పేరుతో విడిగా నిలబడ్డాక 2017లో పారిస్‌లో దుకాణం తెరుచుకుంది, 2019లో అరకు వ్యాలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఏఐ ఇచ్చే మొదటి పేజీ ఆ కలగలుపు బస్తా లాంటిది. దానికి మీ ఊరు తెలియదు. మీరే చెప్పాలి.

చెప్పడమంటే 'అందంగా చెయ్యి', 'కొత్తగా చెయ్యి' అనడం కాదు. ఆ మాటలకీ దాని దగ్గర సిద్ధంగా ఒక సగటు పేజీ ఉంటుంది. నేనైతే ఇలా రాస్తాను: 'పేజీ మొత్తం ఒకే తోట. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల పాదు, నీడన కాఫీ మొక్కలు. చూసేవాళ్లు కిందికి జరిపేకొద్దీ కొమ్మల నుంచి నేలకి దిగాలి. రంగులు కాఫీ కాయవే: పచ్చికాయ ఆకుపచ్చ, దోరకాయ పసుపు, పండు ఎరుపు, ఎండిన పండు నలుపు. ఐదో రంగు వద్దు. నవంబరు నుంచి జనవరి దాకా కోతకాలం, అప్పుడు ఎరుపు ముందుకు రావాలి. మిగతా నెలల్లో ఆకుపచ్చ. ధర, రైతు ఊరు, కోసిన నెల మొదటి తెరలోనే కనబడాలి. గ్రేడియంట్, ఎమోజీ, వరసగా మూడు పెట్టెలు వద్దు. ఒకదానితో ఒకటి పోలిక లేని మూడు నమూనాలు ఇవ్వు.' ఇందులో ప్రోగ్రామింగ్ ఎంత ఉందో చూడండి. ఉన్నదంతా తోట తెలియడమే. ఇచ్చిన మూడింటిలో రెండు పారేయండి. మనిషి రాత్రంతా కూర్చుని రాసింది పారేయాలంటే మొహమాటం. ఇక్కడ అదేమీ అక్కర్లేదు.

ఇక తెలుగు అక్షరం. ఇంగ్లీషు శీర్షికలకి వరసల మధ్య ఎడం తక్కువుంటేనే బాగుంటుంది కాబట్టి ఏఐ వరస ఎత్తుని అక్షరం సైజుకి 1.1 రెట్లో 1.2 రెట్లో పెడుతుంది. అదే కొలతతో పై వరసలో 'కొత్త', కింది వరసలో 'గిరిజన' అని పెట్టండి. తకారం వత్తు దిగివెళ్లి కింది వరస గుడి మీద కూర్చుంటుంది. 1.6 దాకా పెంచితే గానీ రెండూ ఊపిరి పీల్చుకోవు. పెద్ద కంపెనీలే మన వత్తుల దగ్గర బోల్తాపడ్డాయి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే ఒక్క అక్షరం సందేశంలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి, ఆపిల్ దానికోసమే హడావిడిగా అప్‌డేట్ ఇచ్చింది. ఫాంట్లకి మనకి కొదవేమీ లేదు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సూరన్న, గురజాడ ఉచితంగా దొరుకుతాయి. చెప్పకపోతే మాత్రం ఏఐ వాటి జోలికి పోదు. తెలుగు ఫాంటు ఫైలు బరువెక్కువ కనుక ఒకటికి మించి వాడకండి. సిగ్నల్ ఒక్క గీత చూపించే చోట నిలబడి పేజీ తెరవండి. సంతలో మిట్టమధ్యాహ్నం ఎండలో ఫోన్ పట్టుకుని చదవండి. అక్షరానికీ వెనక రంగుకీ మధ్య తేడా కనీసం 4.5కి 1 ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం ఉంది. లేత బూడిదరంగు అక్షరాలు ఆ ఎండకి ఆగవు.

ఒక జాగ్రత్త చెప్పకుండా ఉండలేను. 'ట్రైబల్ డిజైన్' అని అడిగారో, ఏఐ ఎక్కడో మహారాష్ట్ర వార్లీ బొమ్మలో, ఏ దేశానివో తెలియని ఈకలో తెచ్చి అంటిస్తుంది. గదబ ఆడవాళ్లు చెట్టునారతో నేసుకుంటూ వచ్చిన కెరంగ్ బట్ట చారలు మీలో కొందరు ఇంట్లోనే చూసి ఉంటారు. పేజీలో ఒక భాగానికీ మరో భాగానికీ మధ్య ఆ చారల వరస వస్తే ఎంత బాగుంటుందో నేను ఊహించగలను. నేసే కుటుంబాన్ని అడిగి, పేరు వేసి, డబ్బిచ్చి వాడండి. సవరల గోడబొమ్మల సంగతి వేరు. అవి దేవతల కోసం, పెద్దల కోసం వేసేవి. వాటిని బటన్ వెనక వాల్‌పేపర్ చెయ్యొద్దు. ఒడిశాలోని లంజియా సవరల చిత్రకళకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

కువి భాషలోనో, ఆదివాసీ ఒడియాలోనో నాలుగు మాటలు పేజీలో పెట్టాలని మీకు అనిపించవచ్చు. ఏఐని అడిగితే చాలాసార్లు తెలియదనకుండా ఏదో ఒకటి రాసిచ్చేస్తుంది. నమ్మకండి. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకోవాలనుకున్నప్పుడు సవర మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. అలా నేర్చుకున్న భాషకే 1931లో వ్యాకరణం అచ్చయింది. మీకు అంత కష్టం లేదు, మనిషి ఇంట్లోనే ఉంది. అవ్వ చేత చెప్పించి ఫోన్‌లో రికార్డు చేయండి. బటన్ నొక్కితే ఆవిడ గొంతే వినబడేలా చెయ్యమని ఏఐకి చెప్పండి, ఆ కోడ్ మాత్రం అది తేలిగ్గానే రాస్తుంది. చదవడం రాని రైతు కూడా తన సంఘం పేజీ తను వాడుకుంటాడు.

పని పూర్తయ్యాక డొమైన్‌ని సంఘం పేరు మీదే నమోదు చేసి, పాస్‌వర్డ్లు వాళ్ల చేతికివ్వండి. రేపు మీకు విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం వస్తుంది, ఇక్కడి పేజీ మీ ఈమెయిల్‌లో చిక్కుకుపోకూడదు. నాకిచ్చిన సమయం ఎప్పుడో దాటింది, ప్రిన్సిపాల్ గారు గడియారం చూస్తున్నారు. చివరి జీపు అందుకోవాల్సిన ఊళ్లవాళ్లకి ముందు పట్టాలివ్వమని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.