తాటిచెట్టు – గీతవృత్తి
(వార్షిక మహాసభయందు చేయబడిన యుపన్యాసము)



గీతవృత్తిని గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యనిర్వాహకులు న న్నాజ్ఞాపించిరి. సర్వాయి పాపన్న శౌర్యమును, కాటమయ్య మహిమయు ఈ వేదికపై ప్రతి సంవత్సరమును మీరు వినుచునే యున్నారు. కావున వానిని విడిచి నేను చెట్టును గూర్చి మాత్రమే మాటలాడెదను.

కోస్తా ప్రాంతమునకు కొబ్బరి యెట్టిదో, నల్లగొండ, మహబూబునగరము మెట్టలకు తాడును ఈతయు నట్టివి. కోనసీమయందు కాయయే గాక పీచు, చిప్ప, మట్ట, ఆకు, అన్నియు వెలకు పోవును. కొబ్బరి యభివృద్ధికై కేంద్రప్రభుత్వము 1981లో ప్రత్యేకముగా నొక బోర్డును స్థాపించినది. మన తాటి సంగతియో, ఖాదీ గ్రామపరిశ్రమల పట్టికలో నొక మూల నున్నది. నీరు పోయకయే, ఎరువు వేయకయే చెల్కల గట్లపై పెరుగు చెట్టగుటచే దానిని అందరును చులకన చేసిరి. ట్రాక్టరు తిరుగుటకై గట్లు చదును చేయబడినవి. పట్టణములచుట్టు పొలములు ప్లాట్లైనవి. వాగులలో ఇసుక తరలిపోగా ఒడ్డున నున్న ఈతచెట్లు వాడినవి. చెట్టు పన్ను తగ్గింపుమని మన మెన్నియో అర్జీలు పెట్టుకొంటిమి. చెట్టు కూలుచున్నదని పెట్టుకొన్న అర్జీలు స్వల్పము.

చెట్లు తగ్గినను కల్లు తగ్గలేదు. ఇది విచారింపదగిన విషయము. ఇరువది చెట్లున్న యూర ఏబది చెట్ల కల్లు అమ్ముడుపోయినచో, తక్కినది ఏ చెట్టునుండి దిగినది? 2015 సెప్టెంబరులో మహబూబునగరము జిల్లాలో జరిగినదానిని మీ రెరుగుదురు. అధికారులు కల్తీని అరికట్టినంతనే, మందు కలిసిన కల్లునకు అలవాటుపడిన వందలకొలది కూలిజనము వణకుచు, పలవరించుచు ఆసుపత్రుల పాలైరి. డైజీపాము, అల్ప్రజోలాము, క్లోరల్ హైడ్రేటు! మన తాతలు ఈ పేర్లు వినియెరుగరు. గీసినవాడు వేరు, కలిపినవాడు వేరు. నింద మాత్రము మోకు పట్టినవానిపై బడినది. అయినను కలిపినవారిలో మనవా రెవ్వరును లేరని నేననజాలను. ఈ మాట ఈ సభలో కొందరికి చేదుగా నుండవచ్చును. కల్తీ చేయువానిని కులస్థుడని కాపాడుట మాత్రము మన సంఘమునకు తగదు.

ఇక తమిళదేశమును చూడుడు. అచ్చట 1987 నుండి కల్లు నిషిద్ధము. అయినను తాటిచెట్టు అచ్చట రాష్ట్రవృక్షమై గౌరవింపబడుచున్నది. కలెక్టరు అనుమతి లేక దానిని నరుకరాదని 2021లో ఆ ప్రభుత్వము ప్రకటించినది. కల్లు లేకయే చెట్టుపై బ్రతుకువారచ్చట నున్నారు. వారు కాచు తాటిబెల్లము దూరదేశములకును పోవుచున్నది. మనకు కల్లు అమ్ముటకు అనుమతి కలదు, బెల్లము కాచువాడు కనబడడు! గాంధీమహాత్ముడు సైతము తాటిబెల్లమును గ్రామములకు తగిన పరిశ్రమయని మెచ్చుకొనెను.

నీరా పని కష్టసాధ్యము కాదు గాని ఏమరుపాటు పనికిరాదు. లొట్టి లోపల సున్నము పూసి సాయంకాలము కట్టి, సూర్యోదయమునకు పూర్వమే దింపవలయును. లేనిచో పులిసి కల్లగును. మంచుపెట్టెలో దింపినచో సున్నముతో పని లేదు. ఎనిమిది పది లీటర్ల నీరాను కాచిన సుమారు ఒక కిలో బెల్లము వచ్చును. వంటచెరకు ఖర్చును ముందుగనే లెక్క చూచుకొనవలయును. 2023లో ప్రభుత్వము హుస్సేనుసాగరపు టొడ్డున నీరా కేఫును తెరచినది. నల్లగొండయు, మహబూబునగరమును హైదరాబాదునకు ఇంచుమించు నూరేసి కిలోమీటర్ల దూరముననే యున్నవి. తెల్లవారకముందు దింపిన నీరాను చల్లని బండిలో నుంచినచో ప్రొద్దెక్కకమునుపే నగరము చేర్చవచ్చును. ఆ బండి యొక్కొక్క గీతకానికి అలవికాదు. నాలుగైదు సహకార సంఘములు కూడిన అలవియగును.

నాటుటను గూర్చి ఒక మాట. తాటిమొలక మొదట భూమిలోనికి దిగును. మనము కాల్చుకొని తినెడు గేగు అదియే. అందుచే మొక్కను పెరికి వేరొకచోట నాటిన బ్రతుకుట అరుదు. పండ్లు రాలు శ్రావణ భాద్రపదములలో, చెట్టు ఉండవలసిన చోటనే గింజ పెట్టవలయును. అది పోతుతాడో పండుతాడో పూత వచ్చువరకు తెలియదు. పూతకు పన్నెండు పదునైదేండ్లు పట్టును. ఈత ఐదారేండ్లలోనే గీతకు వచ్చును. కావున రెంటిని కలిపి వేయుట యుక్తము. గీత సహకార సంఘములకు వనము పెంచుటకై ఐదెకరముల భూమి నీయవలెనను 560వ ఉత్తరువు కలదు. అది కాగితముపై నుండి నేలకు దిగిన గ్రామము లెన్నియో మీరే చెప్పుడు.

చెట్టెక్కువాని ప్రాణమును గూర్చియు చెప్పవలసియున్నది. జారిపడి నడుము విరిగినవాడు లేని యూరు లేదు. 2024 జూలైలో కాటమయ్య పేర ప్రభుత్వము రక్షణ కవచముల నిచ్చుట ప్రారంభించినది. తాతలనాటి ముస్తాదు చాలునని పెద్దలు దానిని మూలబెట్టుచున్నారని వినుచున్నాను. ప్రాయపువారైనను దానిని తప్పక ధరింతురు గాక.

పోషక మహాశయులకు నా మనవి యిది. మీలో చాలమంది సత్రములకును, విగ్రహములకును ధారాళముగా విరాళముల నొసగుచున్నారు. ఈ సంవత్సరము రెండు జిల్లాలలో నొక్కొక్క సంఘమునకు గింజలు, కంచె, రెండేండ్ల కాపలా ఖర్చు భరింపుడు. ప్రతిగ్రామ సంఘమును తమ యెల్లలలోని తాళ్ళు, ఈతలు ఎన్నియున్నవో, అందు గీతలో నున్న వెన్నియో లెక్కించి, వచ్చు మహాసభకు రెండు నెలలు ముందుగా కార్యదర్శిగారికి పంపవలయును. ఆ పట్టికలతోబాటు ఆ యూరి దుకాణములో దినమునకు అమ్ముడుపోవు కల్లు పరిమాణమును వ్రాసి పంపవలయునని నేను ప్రతిపాదించుచున్నాను. సెలవు.