విప్పి బిగించాక ల్యాప్‌టాప్ ఆన్ కావట్లేదా? బోర్డు పోయిందని అప్పుడే అనుకోవద్దు

ఈరోజు టాపిక్ మీలో చాలామందికి జరిగేదే. వీడియో చూసి ల్యాప్‌టాప్ కింద మూత విప్పుతాం. ర్యామ్ వేస్తాం, ఎస్‌ఎస్‌డీ మారుస్తాం, ఫ్యాన్‌లో దుమ్ము దులుపుతాం. బిగించి పవర్ బటన్ నొక్కితే నల్ల స్క్రీన్. గుండె జారిపోద్ది.

మా విడవలూరులోనే బీటెక్ ఫైనల్ ఇయర్ తమ్ముడు ఒకడు ఇట్టాగే వచ్చాడు. ఐదేళ్ల నాటి ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్. స్లోగా ఉందని ఇంకో 8 జీబీ కొని ఖాళీ స్లాట్‌లో వేశాడు. అంతే, లైట్ వెలుగుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, బొమ్మ మాత్రం రాదు. ఒక షాపులో చూపిస్తే బోర్డు మార్చాలన్నారంట. "అన్నా, ప్రాజెక్ట్ మొత్తం దాంట్లోనే ఉంది, వచ్చే వారం రివ్యూ" అంటాడు.

విప్పకముందు బాగా పనిచేసి, విప్పాక చేయలేదంటే, ముందు మన చెయ్యి తగిలిన చోటే చూడాల. ముట్టుకోని బోర్డు మీద అనుమానం చివర్లో పెట్టుకోండి.

మొదట పవర్ బటన్ ఊరికే నొక్కడం ఆపండి. ఛార్జర్ తీసేసి, మూత విప్పి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే ఇక దాన్ని కదిలించొద్దు, తెలిసినవాళ్లకి ఇచ్చేయండి. బాగుంటే పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. తర్వాత బ్యాటరీ కలిపి, ఛార్జర్ గుచ్చి ఆన్ చేయండి. కొన్ని మోడల్స్ బ్యాటరీ ఒకసారి ఊడదీశాక ఛార్జర్ పెట్టేదాకా బటన్‌కి పలకవు. దీంతోనే లేచి కూర్చునేవి చాలా ఉన్నాయి.

లేవలేదా? ర్యామ్ చూడండి. దాన్ని ఏటవాలుగా లోపలికి తోసి, తర్వాత కిందకి నొక్కితే రెండు పక్కలా క్లిప్పులు టక్కుమని పట్టుకోవాల. బంగారు రంగు పళ్లు ఎక్కువగా బయటికి కనిపిస్తే సరిగ్గా కూర్చోలేదని అర్థం. కొత్త ల్యాప్‌టాప్ అయి డీడీఆర్5 ర్యామ్ వేసుంటే ఒక్క నిమిషం ఆగండి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు అది ర్యామ్‌ని పరీక్షించుకుంటుంది, కొన్ని నిమిషాలు స్క్రీన్ నల్లగానే ఉండొచ్చు. కంగారుపడి మధ్యలో ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

మా తమ్ముడి ల్యాప్‌టాప్‌లో పాత 4 జీబీ ఒక్కటే ఉంచి చూశాం. వచ్చేసింది! వాడి మొహం చూడాలి అప్పుడు. అదే స్లాట్‌లో కొత్త 8 జీబీ ఒక్కటే పెట్టాం. అదీ వచ్చింది. అంటే ర్యామ్ బాగుంది, బోర్డూ బాగుంది. తేడా ఆ ఖాళీ స్లాట్‌లోనే. ఫోన్ టార్చ్ వేసి చూస్తే పిన్నుల మీద పచ్చగా చిలుము. ఐదేళ్లు ఖాళీగా ఉంది కదా. రామతీర్థం బీచ్ మా మండలంలోనే, ఉప్పుగాలి ఇంట్లోకే వస్తుంది. కిటికీ ఊచలు తుప్పు పట్టే చోట రాగి పిన్నులు ఎట్టా ఊరుకుంటాయి?

బ్యాటరీ ఊడదీసి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి బ్రష్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చాం. రెండు ర్యామ్‌లూ పనిచేశాయి. కరోనా నాటి శానిటైజర్ మిగిలింది, దాంతో తుడుస్తానంటారు కొందరు. వద్దు నాయనా, దాంట్లో నీళ్లు, చాలావాటిలో గ్లిజరిన్ కూడా ఉంటాయి, జిడ్డు మిగులుతుంది.

ర్యామ్ కాకపోతే ఇంకెక్కడ? పవర్ బటన్ రిబ్బన్ కేబుల్ కొంచెం ఊడినా అసలు ఉలుకూ పలుకూ ఉండదు. ఆ కేబుల్‌ని పట్టే చిన్న మూతని గోటితో పైకి లేపాల, లాగకూడదు. పొట్టి స్క్రూ చోట పొడుగు స్క్రూ బిగిస్తే బోర్డుకే గుచ్చుకోవచ్చు. అందుకే విప్పేటప్పుడే ఫోన్‌తో ఫొటో తీసి, ఏ స్క్రూ యాడిదో కాగితం మీద పెట్టుకోండి. స్క్రీన్ మీద అనుమానమైతే టార్చ్ ఏటవాలుగా కొట్టండి. మసకగా బొమ్మ కనపడితే బ్యాక్‌లైట్ సమస్య. లేదంటే హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి కలపండి. లైట్ మినుకుమినుకుమంటే ఎన్నిసార్లో లెక్కపెట్టండి. డెల్, హెచ్‌పీ, లెనోవో సర్వీస్ మాన్యువల్స్ వాళ్ల సైట్లలో ఫ్రీగానే ఉంటాయి, ఆ లెక్కకి అర్థం వెతుక్కోవచ్చు.

అప్పటికీ రాకపోతే షాపుకే పోండి, తప్పేం లేదు. కానీ ఎస్‌ఎస్‌డీ తీసి మీ దగ్గర పెట్టుకొని పోండి. మీ ఫైళ్లు ఉండేది దాంట్లోనే. యూఎస్‌బీ కేస్‌లో పెట్టి ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌కి గుచ్చితే కాపీ చేసుకోవచ్చు. విండోస్ 11 లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయినవాళ్లకి డిస్క్ లాక్ అయి ఉండొచ్చు, బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే ఉంటుంది, ఫోన్‌లో లాగిన్ అయి చూసుకోండి. బోర్డు మారిస్తే కూడా ఆ కీ కావాల్సి రావచ్చు. షాపులో బోర్డు మార్చామంటే పాత బోర్డు మీ చేతికి ఇమ్మనండి.

మా తమ్ముడు ఆ రాత్రే ప్రాజెక్ట్‌ని పెన్‌డ్రైవ్‌లోకి, గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించాడు. వచ్చే ఎపిసోడ్‌లో థర్మల్ పేస్ట్ ఎంత వేయాలో చూద్దాం. మా దగ్గర కొందరు దోసెకి వెన్న రాసినట్టు రాస్తున్నారు మరి. ఉంటా ఫ్రెండ్స్.